మన భాష నేర్చుకున్న మాస్టారు



ఈసారి గోడపత్రికలో ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు మాస్టారు నాకు చెప్పారు. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి మన గోడ మీద ఇదివరకే వచ్చేసింది. అందుకని నేను గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి గురించి రాస్తున్నాను. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా. అది ఆయన పుట్టినరోజే. ప్రతి ఏడూ ఆయన ఫొటోకి బంతిపూల దండ వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం, బిస్కెట్లు తింటాం. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన అని మాత్రమే నాకు తెలుసు. ఆయన తెలుగు కోసం పోరాడారని అందరూ చెప్తారు. మా సవర భాష కోసం కూడా ఆయన అంత కష్టపడ్డారని పోయిన ఏడాది వరకు నాకు తెలీదు. లైబ్రరీ పుస్తకంలో అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ముందు చెప్పి, తర్వాత ఆయన కథ చెప్తాను.

నేను మూడో తరగతిలో కొండ దిగి బడికి వచ్చాను. అది ఈ బడి కాదు, వేరే బడి. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ చదువుకోలేదు. అమ్మ వేలిముద్ర వేస్తుంది, అయ్యా అంతే. కానీ నాకు లెక్కపెట్టడం బాగా వచ్చు. సంతకి పట్టుకెళ్లే చీపుర్లు, అడ్డాకుల కట్టలు ఇంట్లో నేనే లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఇరవై దాకా చెప్పమన్నారు. నాకు తెలుగులో పన్నెండు దాకానే పేర్లు తెలుసు. పన్నెండు అయ్యాక పన్నెండొకటి, పన్నెండురెండు, పన్నెండుమూడు అని చెప్పుకుంటూ పోయాను. క్లాసంతా నవ్వేసింది. నా అరచేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి.

కానీ మా సవరలో లెక్క అలాగే ఉంటుంది. అబోయ్, బాగు, యాగి, ఉంజి అని మొదలుపెట్టి పన్నెండు దాకా వేరువేరు పేర్లు ఉన్నాయి. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై అయ్యాక ఇరవైకి కలుపుకుంటూ పోతాం. ముప్పై మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అంటాం. కూడి చూడండి, సరిపోతుంది. నేను లెక్క తప్పలేదు. మా అమ్మమ్మ నేర్పిన లెక్క తెలుగు మాటల్లో చెప్పాను, అంతే. ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి నాకు మాట రాలేదు, నన్ను అడగడానికి ఆయనకి మా మాట రాదు. తర్వాత చాలా రోజులు నేను క్లాసులో నోరు విప్పలేదు. దసరా సెలవులకి ఇంటికెళ్లి, మరి రానని ఏడిచాను. అయ్య నన్ను భుజం మీద ఎక్కించుకుని మళ్లీ కొండ దింపాడు. లేకపోతే ఈ గోడపత్రిక మీద నా అక్షరాలు ఉండేవి కావు.

అందుకే, ముందు మన భాష తాను నేర్చుకుని తర్వాత మనకి పాఠం చెప్పాలనుకున్న మాస్టారు ఒకాయన ఉన్నారని చదివితే నాకు నిద్ర పట్టలేదు.

పుట్టుక, చదువు

గిడుగు రామమూర్తి గారు 1863వ సంవత్సరం ఆగస్టు 29న పర్వతాలపేట అనే ఊళ్లో పుట్టారు. అది మన శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర ఉంది. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. శివరాత్రికి మనవాళ్లు వెళ్తారే, ఆ ముఖలింగమే. అక్కడి దేవుడికి మధుకేశ్వరుడు అని పేరు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఆ గుడి కథలో సవరలు కూడా ఉన్నారు. అంటే ఆయన పుట్టిన చోటే మన పేరు కూడా ఉందన్నమాట.

వీర్రాజు గారు చోడవరంలో రెవెన్యూ ఉద్యోగం చేసేవారు. 1875లో విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్లు. తండ్రి పోతే పిల్లల చదువు ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. ఆయన విశాఖపట్నంలో మేనమామ గారి ఇంట్లో ఉండి హైస్కూలు చదివారు. మెట్రిక్యులేషన్ పాసయ్యారు. తర్వాత పై చదువుకి వెళ్లకుండా ఉద్యోగంలో చేరారు.

1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారు అయ్యారు. జీతం నెలకి 30 రూపాయలు. చెప్పిన పాఠం చరిత్ర. అప్పటికి ఆయన వయసు పదిహేడేళ్లు, మన పదో తరగతి అక్కల కంటే ఒకటి రెండేళ్లు పెద్ద. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. మన పాతపట్నం దాటితే వచ్చేస్తుంది. అప్పుడు అదంతా మద్రాసు రాజధాని అనే పెద్ద రాష్ట్రంలో ఉండేది.

ఉద్యోగం చేస్తూనే ఆయన ప్రైవేటుగా చదువుకుని ఎఫ్.ఎ., తర్వాత బి.ఎ. పరీక్షలు ప్యాసయ్యారు. పగలు పిల్లలకి చెప్పడం, మిగతా వేళ తాను చదువుకోవడం. రాజావారి స్కూలు కాలేజీ అయ్యాక ఆయన కాలేజీ క్లాసులకి కూడా పాఠం చెప్పారు.

ఆయనకి ఏదైనా తెలియకపోతే ఒగ్గేసే అలవాటు లేదు. ముఖలింగం గుళ్ల రాళ్ల మీద పాత అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాటిని శాసనాలు అంటారు. చరిత్ర చెప్పే మాస్టారు కాబట్టి వాటిలో ఏముందో తెలుసుకోవాలనుకున్నారు. ఆ పాత లిపి ఆయనకి నేర్పడానికి మాస్టారు ఎవరూ లేరు. తనంతట తాను నేర్చుకుని చదివారు. కళింగాన్ని ఏలిన గంగరాజుల గురించి పెద్ద పత్రికకి వ్యాసం కూడా రాశారు.

కొండ మీది మాట

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో మా సవరలు ఉంటారు. సంతకి దిగేవాళ్లు, కట్టెలు అమ్మేవాళ్లు, కచేరీ పని మీద వచ్చేవాళ్లు ఆ ఊరి వీధుల్లో తిరుగుతుండేవారు. పల్లం వాళ్లకి వాళ్ల భాష అర్థం కాదు. అర్థం కాకపోతే ఏమవుతుంది? తూకంలో మోసం చేసినా, కాగితం మీద ఏటి రాసినా అడగలేరు. బడికి రమ్మన్నా ఆ బడిలో చెప్పేది పిల్లలకి అర్థం కాదు.

రామమూర్తి గారికి సవర పిల్లలకి చదువు చెప్పాలనిపించింది. ఇక్కడే ఆయన మిగతావాళ్లకంటే వేరుగా ఆలోచించారు. ముందు వాళ్లు తెలుగు నేర్చుకుని రావాలి, అప్పుడు చెప్తాను అనుకోలేదు. ముందు తానే సవర నేర్చుకోవాలనుకున్నారు. అప్పుడు సవర నేర్చుకోవడానికి మన బడిలో ఉన్నట్టు వాచకాలు ఏవీ లేవు. అందుకని తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని, ఆయన దగ్గర ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. ఒక బ్రాహ్మణ పంతులు గారి ఇంట్లో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

వేసవి సెలవుల్లో ఈ సంగతి మా అమ్మమ్మకి చెప్పాను. అమ్మమ్మకి తెలుగు రాదు. ముందు నమ్మలేదు. పల్లం పంతులు మన మాట ఎందుకు నేర్చుకుంటాడు అని అడిగింది. తర్వాత చాలాసేపు ఊరుకుని, ఆ సవర మనిషికి వాళ్లింట్లో తిండి సరిపోయేదా అని అడిగింది. నేను నవ్వాను. కానీ తర్వాత ఆలోచిస్తే అమ్మమ్మ అడిగింది సరైన మాటే అనిపించింది. ఆయన కూడా మనలాగే కొండ ఒగ్గేసి, వేరే భాష మాట్లాడే చోట ఉన్నాడు. మనం నేర్చుకోడానికి వచ్చాం, ఆయన నేర్పడానికి ఉన్నాడు. అంత చదువుకున్న పంతులు గారికి ఆయనే గురువు. పుస్తకాల మీద రామమూర్తి గారి పేరు ఉంది. ఆ పుస్తకాల్లోని మాటలు మాత్రం ఆ గురువు నోటి నుంచి, మన ముసలమ్మలు, ముసలయ్యల నోటి నుంచి వచ్చినవి.

సవర నేర్చుకోవడం అంత సులువు కాదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాషల్లోది. రెండూ వేరు కుటుంబాలు. సంతాలీ, ముండారీ, మన గదబల గుతోబ్ భాష మా సవరకి చుట్టాలు. మా భాషలో తెలుగు అక్షరాలకి అందని శబ్దాలు ఉన్నాయి. నీళ్లని మేము డాఅ అంటాం. ఊరికే డా అని లాగితే కాదు. డా అన్నాక గొంతులో గాలి ఒక్క క్షణం ఆపి అప్పుడు అ అనాలి. మీరు ఒకసారి అని చూడండి. నాతో పక్క మంచం అమ్మాయికి వారం పట్టింది. రామమూర్తి గారు ఇలాంటి శబ్దాలు ఒక్కటీ వదలకుండా, నోట్లో ఎక్కడ పుడుతున్నాయో చూసి, వాటికి వేరే గుర్తులు పెట్టి రాసుకున్నారు. శబ్దాల శాస్త్రం ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని చదివారు.

భాష వచ్చాక సవర కథలు, పాటలు సేకరించారు. సవర పిల్లలు చదువుకోడానికి సవర భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, మాస్టార్లకి జీతాలు ఇచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆయన పనికి మెచ్చి డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. దానితో సవరలకి బడి పెట్టమని కోరారు.

ఆ పని ఆయన ఒంటికి చాలా చెరుపు చేసింది. కొండ ఊళ్లు తిరగడంతో మలేరియా జ్వరం పట్టుకుంది. మనకి ఇక్కడ వేలి మీద రక్తం చుక్క తీసి మాత్రలు ఇస్తారు. అప్పుడు క్వినైన్ అనే చేదు మందు ఒక్కటే దిక్కు. అది ఎక్కువగా వాడటం వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. ఒక భాషలోని అతి చిన్న శబ్దాన్ని కూడా పట్టుకుని రాసిన మనిషికి చెవులే పోయాయి. ఇది చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అయినా ఆయన సవర పని మానలేదు. సవర భాషకి ఆయన రాసిన పెద్ద వ్యాకరణ పుస్తకం 1931లో అచ్చయింది. 1933లో ఇంగ్లీషు నుంచి సవరకి, 1938లో సవర నుంచి ఇంగ్లీషుకి నిఘంటువులు అచ్చయ్యాయి. ఆ చివరిది వచ్చేసరికి ఆయనకి డెబ్భై అయిదేళ్లు. కొడుకు సీతాపతి గారు కూడా సవర నేర్చుకుని తండ్రికి సాయం చేశారు.

తెలుగు కోసం పోరాటం

ఇప్పుడు ఆయన పేరు అందరికీ తెలిసిన పని గురించి చెప్తాను. ఆ రోజుల్లో బడి పుస్తకాల్లో తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి కాదు. పుస్తకాల భాషని గ్రాంథికం అనేవారు. చిన్నయసూరి గారి నీతిచంద్రిక, బాలవ్యాకరణం పద్ధతిలోనే రాయాలి. పిల్లలు వచ్చాడు అని రాస్తే తప్పు, వచ్చెను అని రాస్తే ఒప్పు. వెళ్తున్నాను అంటే తప్పు, వెళ్ళుచున్నాను అంటే ఒప్పు. పిల్లల తెలివంతా ఆ రూపాలు బట్టీ పట్టడానికే సరిపోయేది. ఇక పాఠంలో సంగతి ఎప్పుడు నేర్చుకుంటారు?

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన వైపు బడులకి ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. ఆయన తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో భాష ఒకలాగ, జనం భాష ఒకలాగ ఎందుకున్నాయని అడిగాడట. ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవాళ్లు మన విజయనగరం గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడి రామమూర్తి గారు. ఇద్దరూ స్నేహితులు. గురజాడ గారు అప్పటికే కన్యాశుల్కం నాటకం మాట్లాడే భాషలో రాసి ఉన్నారు. 1915లో గురజాడ గారు చనిపోయారు. తర్వాత బరువంతా చాలావరకు రామమూర్తి గారి మీదే పడింది.

ఆయన 1911లో ఉద్యోగం నుంచి విరమించుకున్నారు. మామూలుగా అయితే పడక కుర్చీలో కూర్చుంటారు. ఆయన ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడటం మొదలుపెట్టారు. జయంతి రామయ్య పంతులు గారి లాంటి పెద్ద పండితులు ఆయన్ని వ్యతిరేకించారు. రామమూర్తి గారు కోపంతో కాకుండా రుజువులతో వాదించేవారు. పాత శాసనాల్లోంచి, పాత వచన పుస్తకాల్లోంచి, కవుల పద్యాల్లోంచి ఉదాహరణలు తీసి, వెనకటి వాళ్లు కూడా తమ కాలం వాడుక మాట రాశారని చూపించేవారు. గ్రాంథికమే రాయాలనే పండితులు కూడా దాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల రాతల్లోంచే చూపించారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి అనే పుస్తకాలు ఇందుకోసం రాసినవే.

మొదట్లో మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షల్లో గ్రాంథికం వాళ్లదే గెలుపయింది. ఆయన తగ్గలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. దానికి కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు. ఆ ఏడాదే తెలుగు అనే పేరుతో పత్రిక కూడా నడిపారు. మెల్లగా కవులు, కథలు రాసేవాళ్లు, పత్రికల వాళ్లు ఆయన మాటే సరైనదని ఇటు వచ్చారు. ఇప్పుడు మన పుస్తకాలన్నీ వాడుక భాషలోనే ఉన్నాయి.

ఇక్కడ నాకు ఒక సంగతి తోచింది. సవర పిల్ల తెలుగు పుస్తకం చదవాలంటే మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు సవర నుంచి మన ఊరి తెలుగుకి, అంటే సంతలో వినే ఏటి, ఎల్తన్నాం, బేగి రా అనే తెలుగుకి. రెండో మెట్టు దాన్నుంచి పుస్తకాల తెలుగుకి. గ్రాంథికమే ఉండిపోతే మూడో మెట్టు కూడా ఉండేది. మూడోది రామమూర్తి గారు పగలగొట్టారు. అంటే తెలుగు కోసం చేసిన పని కూడా మనకే పనికొచ్చింది. మొదటి మెట్టు కూడా తగ్గించాలని సవర వాచకాలు రాశారు. ఆయనకి ఇవి రెండు పనులు కావనిపిస్తుంది నాకు. పిల్ల ఏ మాటతో బడికి వస్తే ఆ మాటతో చదువు మొదలుపెట్టాలి. రెండింటిలోనూ అదే ఉంది.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులోకి వెళ్లిపోయింది. అలా కలపొద్దని ఆయన ఎంతో వాదించారు. జరగలేదు. పదిహేడేళ్ల వయసులో వచ్చి యాభై అయిదేళ్లు బతికిన ఊరిని ఒగ్గేసి ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి డెబ్భై రెండేళ్లు, చెవులు వినపడవు.

ఆ గీత మనల్ని కూడా రెండు చేసింది. మా మేనత్త గీతకి అవతల ఉంది. వాళ్ల పిల్లలు ఒడియా అక్షరాలు నేర్చుకుంటారు, మేము తెలుగు అక్షరాలు. కలిస్తే సవరలో ముచ్చట్లు ఆడుకుంటాం, ఉత్తరం రాస్తే మాత్రం ఒకరిది ఒకరం చదవలేం. అదే 1936లో ఒడిశా వైపు మంగెయ్ గొమాంగో అనే సవర పెద్దాయన సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారు చేశారు. అది మన భాషకే సొంత లిపి. నాకు ఇంకా రాదు, నేర్చుకోవాలని ఉంది.

రామమూర్తి గారికి ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు, కైసర్ ఎ హింద్ పతకం ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. చివరి రోజుల్లో కూడా పత్రికల వాళ్లని పిలిచి, వాడుక భాష సంగతి మరిచిపోవద్దని కోరారు.

మనం చేయవలసింది

ఆయన పోయిన చాలా ఏళ్లకి, 2004లో మన ప్రభుత్వం కొన్ని గిరిజన బడుల్లో చిన్న తరగతులకి సవర, కువి లాంటి భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలతో సవర మాటలు. రామమూర్తి గారు వందేళ్ల ముందు చేసిన పని అదే. నేను చదివిన బడిలో అవి లేవు. ఉంటే నా అరచేతికి దెబ్బలు పడేవి కావు.

ఇప్పుడు వార్డెన్ అమ్మగారికి, మాస్టార్లకి ఒక చిన్న విన్నపం. దీన్ని తప్పుగా అనుకోవద్దు.

జూన్‌లో మూడో తరగతిలో ఒక చిన్న గుంట చేరింది. పేరు రాయను. రోజూ పక్క తడిపేస్తోందని అందరూ తిట్టేవారు, పక్కన పడుకోనిచ్చేవారు కాదు. బట్టలు ఉతుక్కుంటూ ఏడుస్తుంటే నేను వెళ్లి సవరలో అడిగాను. రాత్రి బయటికి వెళ్లాలి, చీకట్లో తోడు రమ్మని ఎవరినైనా లేపాలి అంటే ఏమనాలో దానికి తెలీదు. ఆ ఒక్క మాట తెలుగులో రాదు. అందుకని భయంతో బిగబట్టుకుని పడుకునేది. ఆ రాత్రి నుంచి నా పక్కన పడుకోబెట్టుకున్నాను. నాలుగు రోజుల్లో పక్క తడపడం మానేసింది. ఇప్పుడు మన హాల్లో అందరికంటే గట్టిగా అరిచేది అదే.

దానికి జబ్బు లేదు, తెలివి తక్కువ కాదు. మాట లేదు, అంతే. నాకు పన్నెండొకటి అయినట్టే దానికి అది అయింది. ఇంకెంతమందికి ఏమవుతోందో మనకి తెలియదు, ఎందుకంటే వాళ్లు చెప్పలేరు.

అందుకని నేను అడిగేది రెండు. ఒకటి, కొత్తగా చేరే ప్రతి చిన్నపిల్లకి మొదటి మూడు నెలలు వాళ్ల భాష వచ్చిన పెద్ద తరగతి అక్కని తోడు పెట్టండి. సవర పిల్లకి సవర అక్క, గదబ పిల్లకి గదబ అక్క. మేమంతా సంతోషంగా చేస్తాం, చదువు పాడు చేసుకోం. రెండు, ఈ గోడపత్రికలో ఒక మూల మాకు ఇవ్వండి. వారానికి పది మాటలు తెలుగులోను, మన భాషల్లోను పక్కపక్కన రాస్తాం. నీళ్లు, అన్నం, జ్వరం, భయం, నొప్పి, బయటికి వెళ్లాలి, ఇలాంటివి. మాస్టార్లు రాత్రి హాజరు తీసుకునేటప్పుడు చూసి నేర్చుకోవచ్చు. రామమూర్తి గారు ఒక నిఘంటువు అంత నేర్చుకున్నారు. మేము మీకు పది మాటలే అడుగుతున్నాం.

నేస్తాల్లారా, మీకు కూడా ఒక మాట. సవర మాట్లాడితే నవ్వేవాళ్లు మనలోనే ఉన్నారు. పట్నం వెళ్లినప్పుడు సిగ్గుపడి మనమే మన భాష దాచుకుంటాం. నేనూ దాచుకున్నాను. మన భాషకి నిఘంటువు ఉందని, ఒక పెద్ద పంతులు గారు దాని కోసం చెవులు పోగొట్టుకున్నారని తెలిశాక నాకు ఆ సిగ్గు పోయింది. వచ్చే ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసేటప్పుడు తెలుగు ఉపన్యాసం అయ్యాక ఒక్కరు సవరలో కూడా మాట్లాడాలి. ఎవరూ ముందుకి రాకపోతే నేనే మాట్లాడతాను. అర్థం కాని వాళ్లకి మా మూడో తరగతి గుంట తెలుగులో చెప్తుంది. అప్పటికి దానికి ఆపాటి తెలుగు వచ్చేస్తుంది.

తప్పులుంటే పెద్దలు క్షమించాలి. ఏటి అని రాసిన చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టొద్దని తెలుగు మాస్టారిని కోరుతున్నాను. రామమూర్తి గారైతే పెట్టరు.

ఇట్లు
మీ సవర చెల్లి,
తొమ్మిదో తరగతి